దేవుడి పేరిట కత్తి: ఉదయగిరి జాగీరు వెనక వెయ్యేళ్ల కథ

నెల్లూరు సీమ చరిత్ర, 11వ భాగం

పోయిన వారం ఉదయగిరి కోట కింద ఆగాం. ఆర్కాటు నవాబు జాగీరుగా ఇచ్చిన ఆ సీమను ముస్తఫా అలీఖాన్ వంశం ఏలుకుంటూ వచ్చింది. 1839-40లో కుంపిణీ సర్కారు దాన్ని లాగేసుకుని, జాగీర్దారును చెంగల్పట్టుకు తరలించింది. మోపిన నేరం రాజద్రోహం. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా, కర్నూల్లో నవాబు గులాం రసూల్ ఖాన్, ఉదయగిరిలో ఈ జాగీర్దారు ఒక జట్టయి ఇంగ్లీషువాళ్ల మీద మతయుద్ధానికి సిద్ధమవుతున్నారని అభియోగం. ఈ వ్యవహారం మొదట పొక్కిన చోట్లలో మన నెల్లూరు ఒకటి. ఇక్కడి మేజిస్ట్రేటు హైదరాబాదు రెసిడెంటు ఫ్రేజరుకు కబురు పంపాడు. ఆనాటి కాగితాల్లో దీనికి వహాబీ కుట్ర అని పేరు.

బోగోలు నుంచి కావలి మీదుగా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా ఉదయగిరిలో దిగొచ్చు. అంత దగ్గరి ఊరి కథే అయినా, అందులో ఉన్న మతయుద్ధం అన్న మాటకు మాత్రం చాలా దూరపు పూర్వచరిత్ర ఉంది. అది చెప్పకుండా జాగీర్దారు కథ ముందుకు నడిపితే పాఠకుడికి అన్యాయం చేసినవాణ్నవుతాను. ఎందుకంటే ఈ విషయంలో మన దగ్గర తేలిగ్గా చెలామణీ అయ్యే మాటలు రెండున్నాయి. ఇస్లాం కత్తితోనే పుట్టిందని ఒకటి. క్రైస్తవం ప్రేమతోనే పెరిగిందని మరొకటి. రెండూ చరిత్ర ముందు నిలవవు. ఏ మతమూ తన మొదటి రోజున పవిత్ర యుద్ధ సిద్ధాంతం చేతపట్టుకుని రాలేదు. రాజ్యాలు నిలబడ్డాక, సరిహద్దులు ఏర్పడ్డాక, పండితులూ పాలకులూ కలిసి దాన్ని కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చారు. క్రైస్తవానికి ఆ పని పూర్తవడానికి వెయ్యేళ్లకు పైగా పట్టింది. ఇస్లాంలో రెండు వందల ఏళ్లలోపే తేలిపోయింది. ఆ తేడా ఎందుకొచ్చిందో చూద్దాం.

సైన్యంలో చేరనన్న కుర్రవాడు

క్రీ.శ. 295 మార్చి 12. ఇప్పటి అల్జీరియాలో ఉన్న తెబెస్సా పట్నం. రోమన్ సైన్యంలోకి కుర్రవాళ్లను పట్టుకొస్తున్నారు. మాక్సిమిలియన్ అనే ఇరవై ఒకటేళ్ల వాణ్ని అధికారి డియాన్ ముందు నిలబెట్టారు. వాడి తండ్రి విక్టరు కూడా పక్కనే ఉన్నాడు. నేను క్రైస్తవుణ్ని, సైన్యంలో పనిచేయను అన్నాడు కుర్రవాడు. డియాన్ ఆ మాట చెవిన పెట్టకుండా కొలత తీయమన్నాడు. రోమన్ కొలతలో అయిదడుగుల పది అంగుళాలని బంటు కేకేసి చెప్పాడు. మెడలో సీసపు ముద్ర వేయమన్నారు. వాడు వేయనివ్వలేదు. చక్రవర్తుల అంగరక్షకుల్లో క్రైస్తవులు ఉన్నారు కదా, వాళ్లు పనిచేయడం లేదా అని డియాన్ అడిగాడు. వాళ్ల సంగతి వాళ్లకే తెలుసు, నేను మాత్రం చేయలేనన్నాడు. తల నరికేశారు. కొడుకును దేవుడికి కానుకగా పంపానన్న సంతోషంతో తండ్రి ఇంటికి వెళ్లాడని ఆ విచారణ వృత్తాంతం చెబుతుంది.

ఈ కథలో నన్ను ఆపేది డియాన్ వేసిన ప్రశ్నే. అప్పటికే సైన్యంలో క్రైస్తవులున్నారు. అంటే తొలి మూడు శతాబ్దాల క్రైస్తవులంతా కత్తి ముట్టనివాళ్లేం కాదు. కానీ తెర్తులియన్, ఓరిజెన్ లాంటి గురువులు సైనికవృత్తిని ఒప్పుకోలేదు. కత్తి పట్టనన్నవాణ్ని ఆ సమాజం అమరవీరుడని పూజించింది. యుద్ధంలో చంపినవాడికి అలాంటి గౌరవం ఎవరూ ఇవ్వలేదు.

312లో కాన్‌స్టంటైన్ మిల్వియన్ వంతెన దగ్గర గెలిచి క్రైస్తవం వైపు తిరిగాడు. ఆ శతాబ్దం ముగిసేలోపు క్రైస్తవం రాజ్యమతమైంది. ఇక సరిహద్దు కాయాల్సింది క్రైస్తవులే. పన్ను కట్టాల్సిందీ, శిక్ష వేయాల్సిందీ వాళ్లే. ఈ ఇరకాటంలో కూర్చుని ఆలోచించినవాడు హిప్పో బిషప్పు అగస్టీన్. ఆయన ఊరు కూడా ఇప్పటి అల్జీరియాలోనిదే. న్యాయమైన కారణం ఉండాలి, అధికారం ఉన్నవాడే యుద్ధం ప్రకటించాలి, పగతో కాక శాంతి కోసం పోరాడాలి. ఆయన రాతల్లో చెదురుమదురుగా ఉన్న ఈ షరతులను తర్వాతి పండితులు ఏరి సిద్ధాంతంగా పేర్చారు. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఉత్తరాఫ్రికాలో దొనాతిస్టులనే చీలికవర్గం మీద బలప్రయోగం వద్దని మొదట అన్న అగస్టీనే, తర్వాత మనసు మార్చుకుని సర్కారు బలంతో వాళ్లను దారికి తేవచ్చని వాదించాడు. మతం విషయంలో రాజదండానికి ఒప్పుదల పత్రం రాసిచ్చినట్టయింది. 430లో వాండల్ సైన్యం హిప్పోను ముట్టడించి ఉండగానే ఆయన కన్నుమూశాడు.

అయినా అగస్టీన్ లెక్కలో యుద్ధం తప్పనిసరి విషాదం మాత్రమే, పుణ్యకార్యం కాదు. తూర్పున సిజేరియా బిషప్పు బేసిల్ యుద్ధంలో మనిషిని చంపిన సైనికుడు మూడేళ్లు ప్రభు సంస్కారానికి దూరంగా ఉండటం మంచిదన్నాడు. పదో శతాబ్దంలో తూర్పు రోమన్ రాజ్యమైన బైజాంటియం చక్రవర్తి నికెఫోరస్ ఫోకాస్ అరబ్బులతో ఏళ్ల తరబడి పోరాడి, చనిపోయిన తన సైనికులను అమరవీరులుగా ప్రకటించమని చర్చిని అడిగాడు. పాట్రియార్కు బేసిల్ నియమాన్ని చూపించి కుదరదన్నాడు. సరిహద్దుకు అవతల ముస్లిం సైనికులకు ఉన్న ఆ గౌరవం తన వాళ్లకూ దక్కాలన్నది చక్రవర్తి ఆశ. ఆ సంఘటన జరిగింది 960లలో. అప్పటికి క్రీస్తు తర్వాత తొమ్మిది శతాబ్దాలు దాటాయి.

ప్రాయశ్చిత్తం తలకిందులైన రోజు

1066లో హేస్టింగ్స్ దగ్గర నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. పోపు ఆశీస్సులు తమకున్నాయని చెప్పుకుని బయల్దేరిన సైన్యం అది. గెలిచిన కొద్ది ఏళ్లకే పోపు ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ ఆధ్వర్యంలో ఆ సైనికులకు ప్రాయశ్చిత్త పట్టిక వచ్చింది. చంపిన ఒక్కొక్క మనిషికి ఒక్కో ఏడాది ప్రాయశ్చిత్తం చేయాలి. ఎంతమందిని చంపాడో లెక్క తెలియనివాడు బతికినంత కాలం వారానికో రోజు చేయాలి. తమ బాణం ఎవరికి తగిలిందో తెలియని విలుకాండ్రకు నలభై రోజుల దీక్షలు మూడు. గెలిచిన రాజు సైన్యానికే ఇది తప్పలేదు. చంపడం పాపమే, రాజాజ్ఞ ఉన్నా కడుక్కోవాల్సిందే అన్న పాత నమ్మకం పదకొండో శతాబ్దం నడుమ కూడా బతికే ఉంది.

ముప్పై ఏళ్లు తిరగకముందే ఆ నమ్మకం తలకిందులైంది. 1095 నవంబరు 27న ఫ్రాన్సులోని క్లెర్మాంట్‌లో చర్చి సభ జరుగుతుండగా, ఊరి బయట పోపు రెండో అర్బన్ జెరూసలేం యాత్రకు పిలుపిచ్చాడు. తర్వాత క్రూసేడు అని పేరుపడింది ఇలాంటి యాత్రలకే. ఆ సభ చేసిన తీర్మానం సారం ఇది: పేరు కోసమో డబ్బు కోసమో కాక, భక్తితో జెరూసలేం విడిపించడానికి వెళ్లేవాడికి ఆ ప్రయాణమే ప్రాయశ్చిత్తం మొత్తానికీ చెల్లు. నిన్నటిదాకా యుద్ధం చేసినవాడు పాపం కడుక్కోవాలి. ఇకమీదట పాపం కడుక్కోవాలనుకున్నవాడు యుద్ధానికి పోవచ్చు. క్రైస్తవ పవిత్ర యుద్ధం పుట్టిన తేదీ ఏదని నన్నడిగితే ఈ తీర్మానాన్నే చూపిస్తాను.

ఇది రాత్రికి రాత్రి ఊడిపడలేదు. ఫ్రాన్సులో రాజు చెయ్యి బలహీనపడి, గుర్రమెక్కిన ప్రతి దొరా పల్లెల మీదా మఠాల మీదా పడుతుంటే, 989లో షారూ సభ నుంచి చర్చి దేవుడి శాంతి పేరిట వాళ్లను అదుపు చేయాలని చూస్తూ వచ్చింది. అదుపు కుదరని చోట ఆ కత్తిని తన వైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. 1053లో తొమ్మిదో లియో పోపు తానే సైన్యం వెంట నడిచి నార్మన్ల చేతిలో ఓడిపోయాడు. ఏడో గ్రెగరీ సెయింట్ పీటర్ సైనికులంటూ దొరలను పిలిచాడు. 1071లో మాంజికెర్ట్ దగ్గర సెల్జుక్ తురుష్కులు బైజాంటియంను దెబ్బకొట్టారు. 1095 మార్చిలో చక్రవర్తి అలెక్సియస్ దూతలు పియాచెంజా సభకొచ్చి సాయం అడిగారు. ఆయన అడిగింది కూలి సైన్యం. అందినది వేరు.

ఆ వేరు ఏమిటో ముందు తెలిసింది తురుష్కులకు కాదు, యూదులకు. 1096లో దారిలోనే రైన్ నది ఒడ్డున వోర్మ్స్, మైంజ్ పట్నాల్లో యూదులను ఊచకోత కోశారు. 1099 జూలై 15న జెరూసలేం పడినప్పుడు లోపలి ముస్లింలనూ యూదులనూ చంపిన తీరును క్రూసేడరు చరిత్రకారులే గొప్పగా రాసుకున్నారు. ఆ రాతలు చదివితే మనసు వికలమవుతుంది. చంపినవాడు సిగ్గుపడాల్సిన పనిని పూజగా వర్ణించడం అంతకు ముందు క్రైస్తవ గ్రంథాల్లో ఇంత నిస్సంకోచంగా కనిపించదు.

సరిహద్దు ఊళ్లలో పుట్టిన పుస్తకాలు

ఇక ఇస్లాం వైపు. మక్కాలో ప్రవక్త బోధన 610 ప్రాంతంలో మొదలైంది. 622లో మదీనాకు వలసపోయేదాకా ఆయన అనుచరులు దెబ్బలు తిన్నారు, వెలివేతకు గురయ్యారు. కొందరు ఎర్రసముద్రం దాటి అబిసీనియాలో క్రైస్తవ రాజు నీడన తలదాచుకున్నారు. ఎదురు కొట్టడానికి అనుమతి లేదు. ఇళ్లనుంచి అన్యాయంగా వెళ్లగొట్టబడినవాళ్లు పోరాడవచ్చన్న అనుమతి మదీనాకు చేరే కాలంలోనే వచ్చిందని సంప్రదాయ వ్యాఖ్యాతలు చెబుతారు. ఆ అనుమతిలోనే మఠాలు, చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు, మసీదులు కూలిపోకుండా కాపాడటం ఒక కారణంగా కనిపిస్తుంది. 624లో బద్ర్ యుద్ధం. 628లో హుదైబియా సంధి. 630లో మక్కా పెద్దగా రక్తపాతం లేకుండా స్వాధీనమైంది. ఖురానులో ఓర్చుకోమన్న మాటలూ, హద్దు మీరకుండా పోరాడమన్న మాటలూ, ఒప్పందం తప్పిన బహుదైవారాధకులతో కఠినంగా ఉండమన్న మాటలూ మూడూ ఉన్నాయి. ఏది ఏ సందర్భానికి, ఏది దేన్ని రద్దు చేసింది అన్నది తర్వాతి పండితుల మధ్య పెద్ద వాదమైంది.

క్రైస్తవంతో అసలు తేడా ఇక్కడుంది. క్రైస్తవులు మూడు వందల ఏళ్లు ఇంకొకరి రాజ్యంలో ప్రజలుగా బతికి, ఆ తర్వాత రాజ్యం చేతపట్టారు. ముస్లిం సమాజం పుట్టిన పదిహేనేళ్లలోపే ఒక ఊరికి పాలకురాలైంది. ప్రవక్త తానే న్యాయాధికారి, సంధికర్త, సేనాని. కాబట్టి యుద్ధం గురించిన ప్రశ్నలు వాళ్లకు మొదటి తరంలోనే ఎదురయ్యాయి. ఇది స్వభావంలో తేడా అని కొందరంటారు. నేనలా అనను. పుట్టిన చోటూ, దొరికిన పరిస్థితీ వేరు.

632లో ప్రవక్త మరణించాక ముప్పై ఏళ్లు తిరక్కుండా సిరియా, ఈజిప్టు, పర్షియా అరబ్బుల చేతికొచ్చాయి. 711-12లో ముహమ్మద్ బిన్ ఖాసిం సింధుకు వచ్చాడు. గమనించండి, ఈ జయించిన భూముల జాబితా అప్పటికే పొడవైంది, సిద్ధాంత గ్రంథాలు మాత్రం ఇంకా లేవు. అవి ఎనిమిదో శతాబ్దం చివర వచ్చాయి. జిహాద్ మీద మనకు దక్కిన తొలి పుస్తకం అబ్దుల్లా ఇబ్న్ అల్ ముబారక్‌ది. మెర్వ్ ఊరి వర్తకుడు, హదీసు పండితుడు, బైజాంటియం సరిహద్దుకు వెళ్లి స్వయంగా పోరాడినవాడు. 797లో చనిపోయాడు. అదే తరంలో అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ కొలువులో న్యాయమూర్తిగా ఉన్న షైబానీ యుద్ధం, సంధి, బందీలు, దోపిడీ సొమ్ము, విదేశీ వర్తకుడి రక్షణ గురించి ఒక శాస్త్రమే రాశాడు. లోకాన్ని ఇస్లాం పాలన ఉన్న భూమి, యుద్ధభూమి అని రెండుగా విడదీసిన పరిభాష ఈ న్యాయకోవిదుల చేతిలోనే స్థిరపడింది. మక్కా పండితుల్లో అతా లాంటివాళ్లు దండయాత్రకు పోవడం ప్రతి ముస్లింకూ విధి అన్న మాటను ఒప్పుకోలేదు. సరిహద్దు ఊళ్లకు దగ్గరగా ఉన్న సిరియా పండితులు గట్టిగా పట్టుబట్టారు. ఎవరు ఎక్కడ కూర్చుని రాశారన్నది చూస్తే ఎవరెందుకు అలా రాశారో సగం తెలుస్తుంది.

అప్పున్నవాడి సంగతి

సిద్ధాంతాలు గాల్లో తిరిగినప్పుడు గంభీరంగా ఉంటాయి. ఇంటి గుమ్మం దాకా వచ్చినప్పుడు వాటి అసలు రూపం తెలుస్తుంది. యుద్ధానికి పోదామనుకున్నవాడికి అప్పుంటే ఏం చేయాలి? మన డెల్టా రైతు కూడా ముందు అడిగే ప్రశ్న ఇదే.

ఇస్లామిక్ న్యాయశాస్త్రం ప్రకారం దండయాత్ర సమాజం మొత్తం మీది బాధ్యత. చాలినంతమంది వెళితే మిగతావాళ్లకు తప్పు లేదు. అలాంటి యుద్ధానికి పోయేవాడు అప్పు ఇచ్చినవాడి అనుమతి తీసుకోవాలి. తల్లిదండ్రులు బతికుంటే వాళ్ల అనుమతీ కావాలి. యుద్ధంలో స్త్రీలను, పిల్లలను చంపకూడదు. శత్రువుకు ముందు పిలుపు పంపాలి. శత్రువే ఊరి మీద పడితే మాత్రం అందరి అనుమతులూ పక్కకు పోతాయి, అప్పుడది ఒక్కొక్కరి విధి.

క్రూసేడు దారి ఇంకోలా నడిచింది. 1145లో పోపు మూడో యూజీనియస్ రెండో క్రూసేడుకు పిలుస్తూ, శిలువ గుర్తు కట్టుకున్నవాడు పాత అప్పుల మీద వడ్డీ కట్టనక్కర్లేదన్నాడు. భూమిని చర్చికి తాకట్టు పెట్టుకోవచ్చన్నాడు. భార్య ఒప్పుకోనిదే భర్త శిలువ కట్టుకోరాదన్న నియమం చాలాకాలం ఉండేది. మూడో ఇన్నోసెంట్ పోపు 1201లో దాన్నీ సడలించాడు. ఒకచోట అప్పిచ్చినవాడి మాట చెల్లింది, ఇంకోచోట పోపు వడ్డీనే ఆపాడు. కాయితం మీద యుద్ధం ఎంత పవిత్రమైనా, దాని కింద ఇంటి ఖర్చూ భూమి తాకట్టూ అణిగి ఉంటాయని ఈ రెండు చట్టాలూ చెప్పకనే చెబుతున్నాయి.

రెండు సంప్రదాయాలూ ఒకదాన్ని చూసి మరొకటి రాజుకున్నాయి. జెరూసలేం పోయిన ఆరేళ్లకు, 1105లో, డమాస్కస్‌లో అల్ సులమీ అనే వ్యాకరణ పండితుడు మసీదులో జిహాద్ గ్రంథం చదివి వినిపించాడు. ఫ్రాంకులు, అంటే పడమటి క్రైస్తవులు, సిసిలీలో, స్పెయిన్‌లో, ఇప్పుడు సిరియాలో చేస్తున్నది ఒకే యుద్ధమని మొదట గుర్తుపట్టినవాళ్లలో ఆయనొకడు. వాళ్లు మన మీద చేస్తున్నది జిహాదే, మన రాజులు మాత్రం తమలో తాము కొట్టుకు చస్తున్నారని ఆయన మొత్తుకున్నాడు. విన్నవాళ్లు కొద్దిమందే. అలెప్పో పాలకుడు నూరుద్దీన్ కాలానికి గానీ ఆ మాటకు గిరాకీ రాలేదు. జెరూసలేం గెలిచాక అక్కడి అల్ అఖ్సా మసీదులో పెట్టాలని నూరుద్దీన్ ముందే ఒక చెక్క ప్రసంగ వేదిక చేయించి ఉంచాడు. ఆయన బతికుండగా అది అలెప్పో దాటలేదు. 1187 అక్టోబరులో సలాహుద్దీన్ జెరూసలేం తీసుకున్నాక దాన్ని తెప్పించి అక్కడ నిలబెట్టాడు. 1099 నాటి ఊచకోతకు బదులు తీర్చుకోకుండా పురుషుడికి పది దినార్లు, స్త్రీకి అయిదు చొప్పున విడుదల సొమ్ము పెట్టి జనాన్ని వెళ్లనిచ్చాడు. కట్టలేని వేలమంది బానిసలయ్యారన్నదీ అంతే నిజం. ఆ వేదిక 1969లో ఒకడు పెట్టిన నిప్పుకు కాలిపోయింది.

మన తీరానికి

క్రూసేడు మన తీరానికి ఓడ తెరచాప మీద వచ్చింది. క్రూసేడు యోధ సన్యాసులైన టెంపులర్ల సంఘం రద్దయ్యాక పోర్చుగల్ రాజు 1319లో దాని ఆస్తులతో క్రీస్తు సంఘాన్ని నెలకొల్పాడు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరినప్పుడు ఆ సంఘం శిలువే తెరచాపల మీద ఉంది. అంతకు ముందే 1452లో అయిదో నికొలస్ పోపు ముస్లింలనూ అన్యమతస్థులనూ జయించి బానిసలుగా చేసుకోవచ్చని పోర్చుగీసు రాజుకు ఆజ్ఞాపత్రం ఇచ్చి ఉన్నాడు. మనకు దక్షిణాన పులికాట్‌లోనూ మైలాపూరు పక్కన శాంథోంలోనూ పోర్చుగీసులు దిగారు. 1543 ప్రాంతంలో గోవా గవర్నరు మార్టిమ్ అఫోన్సో డి సౌజా తిరుమల సంపద మీద కన్నేసి ఓడల్లో బయల్దేరాడు. చేరలేక వెనుదిరిగాడు. 1558 ప్రాంతంలో అళియ రామరాయలు శాంథోం మీదికి వెళ్లి డబ్బు రాబట్టుకొచ్చాడు. దేవుడి పేరు చెప్పి మొదలైన ప్రయాణాలు గుళ్ల హుండీల దగ్గరా, కప్పం మూటల దగ్గరా తేలడం చూస్తూనే ఉంటాం.

మనకు మాత్రం ఇలాంటివి లేవా అని పాఠకుడు అడగవచ్చు. యుద్ధంలో చస్తే వీరస్వర్గమన్న నమ్మకం తెలుగు నేలంతా ఉంది, ఊరి పొలిమేరల్లో వీరగల్లులే సాక్ష్యం. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి తర్వాత ఉదయగిరిని గజపతుల నుంచి గెలిచాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. ఓడినవాడి దేవుణ్ని గెలిచినవాడు తన ఊరికి తెచ్చుకుని కొలుచుకున్నాడు. 1579లో అహోబిలాన్ని కొల్లగొట్టింది గోల్కొండ సైన్యమే, కానీ దాన్ని నడిపించినవాడు మురహరిరావు అనే మరాఠా బ్రాహ్మణుడు. మన సీమ చరిత్రలో మతం పేరిట గీత గీసి ఇటువాళ్లు అటువాళ్లు అని విడదీయబోతే, ఆ గీత ప్రతి పేజీలోనూ తెగిపోతుంది.

ఇప్పుడు మళ్లీ 1839కి వద్దాం. 1803లో ఢిల్లీ కుంపిణీ చేతికి పోయాక షా అబ్దుల్ అజీజ్ అనే పండితుడు ఈ దేశం ఇక ఇస్లాం పాలనలో లేదని, యుద్ధభూమి అయిందని తీర్పు చెప్పాడు. షైబానీ నాటి పరిభాషే, వెయ్యేళ్ల తర్వాత ఢిల్లీ వీధిలో. ఆయన యుద్ధం చేయమని మాత్రం అనలేదు. ఇంగ్లీషు చదువుకోవచ్చు, వాళ్ల దగ్గర కొలువు చేయవచ్చు అని కూడా చెప్పాడు. ఆయన శిష్యుడు రాయబరేలీ సయ్యద్ అహ్మద్ అక్కడితో ఆగలేదు. 1826లో వాయవ్య సరిహద్దుకు తరలి, రంజిత్ సింగ్ సిక్కు రాజ్యం మీద జిహాద్ ప్రకటించాడు. మరుసటేడు తనను ఇమాముగా ఎన్నుకునేలా చేసుకున్నాడు. ఆయన మీద ముందు తిరగబడింది అక్కడి పఠాన్ తెగలే. పన్నులు, పెళ్లిళ్ల ఆచారాల్లో జోక్యం భరించలేక ఆయన అధికారులను చంపేశారు. 1831 మేలో బాలాకోట్ దగ్గర సిక్కు సైన్యం చేతిలో ఆయన ప్రాణం పోయింది.

కుంపిణీ కాగితాలు వహాబీలని పిలిచింది ఆయన అనుచరులనే. వాళ్లలో ఒకడైన విలాయత్ అలీ హైదరాబాదుకు వచ్చి బోధించాడు. అన్న నాసిరుద్దౌలా గద్దె మీద ఉండగా అధికారం లేక కుమిలిపోతున్న ముబారిజుద్దౌలా ఆ బోధకు దగ్గరయ్యాడు. 1838లో కుంపిణీ సైన్యాలు అఫ్గానిస్తాన్‌కు కదిలాయి. రష్యావాడు వస్తాడు, పర్షియావాడు వస్తాడు అన్న పుకార్లు దేశమంతా పాకాయి. ఆ వేడిలో నెల్లూరు నుంచి వెళ్లిన కబురు రెసిడెంటును కంగారుపెట్టింది. 1839లో ముబారిజుద్దౌలాను గోల్కొండ కోటలో బంధించారు. కర్నూల్లో నవాబు కోటలో, జనానా తోటల్లో దాచిన ఫిరంగులు, మందుగుండు భారీగా బయటపడ్డాయి. అక్టోబరు 18న జోహరాపురం దగ్గర నవాబు పట్టుబడ్డాడు. కర్నూలు కుంపిణీ పరమైంది.

ఆయుధాలు నిజం. వాటి వెనక ఉన్నదంతా మతమేనని మాత్రం నేననుకోను. ఈ కుట్ర గురించి మనకున్న కాగితాల్లో ఎక్కువ భాగం అభియోగం మోపినవాళ్లవే. అప్పటికి కుంపిణీ ఒక్కొక్క సంస్థానాన్నీ మింగుకుంటూ వస్తోంది. కర్నూలు నవాబుకూ ఉదయగిరి జాగీర్దారుకూ రేపు తమ వంతు అన్న భయం ఉండి తీరుతుంది. జిహాద్ అన్న మాట ఆ భయానికి ఒక గౌరవాన్నీ, ఒంటరి దొరలకు ఒక జట్టునూ ఇచ్చింది. కుంపిణీకీ ఆ మాట అక్కరకొచ్చింది. మతోన్మాదం అని పేరు పెడితే జాగీరు లాక్కోవడానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇదే నెల్లూరులో షహీదుల, అంటే అమరవీరుల, పేరు ఇంకో రకంగా బతికింది. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. కొడవలూరు దగ్గర గండవరంలో జరిగిన పోరులో పన్నెండుమంది వీరుల తలలు తెగిపడ్డాయని, మొండేలను గుర్రాలు ఇక్కడికి మోసుకొచ్చాయని జనం చెప్పుకుంటారు. ఆ సమాధుల పక్కన నిద్రపోయిన ఒక రజక ఇల్లాలికి కలలో షహీదులు కనిపించి, ఇక్కడి మట్టి రాస్తే ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమవుతుందన్నారట. నయమైందట. నవాబు దంపతులు వచ్చి మొక్కు తీర్చుకుని రొట్టెలు పంచారట. ఇప్పుడు మొహర్రం నెలలో లక్షల జనం ఆ చెరువులో మోకాటిలోతు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. తీసుకునేవాళ్లలో హిందువులు ఎంతమందో ముస్లింలెంతమందో అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. సయ్యద్ అహ్మద్ బోధించిన సంస్కరణకు ఇలాంటి మొక్కులు అసలు గిట్టవు. 1839లో ఆ బోధ మన జిల్లాలో ఒక జాగీర్దారు దాకా చేరింది గానీ చెరువు గట్టు దాకా చేరలేకపోయింది.

మిగిలినవాళ్ల సంగతి: గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లికి పంపారు, 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. ముబారిజుద్దౌలా గోల్కొండ కోటలోనే బందీగా ఉండి 1854లో చనిపోయాడు. ఉదయగిరి జాగీరు మళ్లీ ఆ వంశానికి దక్కలేదు.

వచ్చే వారం: జాగీర్దారు చెంగల్పట్టు చేరిన ఆ రోజుల్లోనే, 1840లో, నెల్లూరులో మిషను పెట్టిన అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే.